పేరు పండుగ నాడు తాళం వేసిన ఇల్లు

మార్చి నెలాఖరున ఒక శుక్రవారం సాయంత్రం, బడి వంటింట్లో ఆఖరి గిన్నె కడిగి బోర్లించాక, మారితా ఇంటికొచ్చి చిన్న సంచీ సర్దుకుంది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టకుండా కోటు జేబులో వేసుకుని, రాజధాని రీగా వెళ్లే బస్సెక్కింది. తను ఉండే స్మిల్తెనె లాంటి చిన్న ఊళ్లో తాళంచెవి వెంట తీసుకెళ్లడం చిన్న విషయం కాదు. ఆమె ఉండే మేడలో ఒకే మెట్లెక్కే కుటుంబాల్లో ఎవరి తాళంచెవి ఎక్కడుంటుందో మిగతా అందరికీ తెలుసు. అందులోనూ మర్నాడు మారితా పేరు పండుగ.

పుట్టినరోజుకైతే పిలవాలి, పిలిచినవాళ్లే వస్తారు. పేరు పండుగకు పిలుపు ఉండదు. ఏ రోజు ఎవరి పేరో కేలెండర్‌లో అచ్చయి ఉంటుంది. ఆ రోజు ఆ మనిషి తలుపు ఎవరైనా కొట్టవచ్చు. పక్కింటివాళ్లు, ఉత్తరాలు తెచ్చే ఆవిడ, ఎప్పుడో కలిసి పనిచేసి మొహం మర్చిపోయినవాళ్లు, అందరూ పూలు పట్టుకుని వస్తారు. ఆ పేరుగల మనిషి చెయ్యాల్సింది రెండే: ఇంట్లో ఉండాలి, బల్ల నిండా తిండి ఉంచాలి. ఎవరు వస్తారో తెలియకుండా అందరికీ సరిపడా వండాలి. వండి, వాళ్లు వచ్చాక, "అయ్యో, ఏమీ చెయ్యలేదే" అనాలి.

మారితా ఏడాది పొడుగునా బడిపిల్లలకు గంజి కాస్తుంది, సూపు చేస్తుంది, బస్తాల కొద్దీ బంగాళదుంపలు చెక్కు తీయిస్తుంది. పేరు పండుగ వచ్చిందంటే అదే పని ఇంట్లో చేస్తుంది. పందిమాంసం ముక్కలు పెట్టి కాల్చిన పీరాగులనే చిన్న రొట్టెలు, దుంపల సలాడ్, అన్నిటికీ మించి క్లింగెరు. అది కుంకుమపువ్వూ ఎండుద్రాక్షా వేసి, మెలితిప్పి కాల్చే తియ్యటి రొట్టె. బల్లకు ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తుంది. యాభై ఏడేళ్ల వయసులో ఆమెకు మోకాళ్లు నొప్పి, వేళ్లు నొప్పి. అయినా ఏ ఏడూ మానలేదు.

ఈ ఏడు మానేసింది. బడి ఉపాధ్యాయుల గదిలో ఎవరో వదిలేసిన పత్రికలో ఒక వ్యాసం చదివిందట. "వారాంతం ఒక్కరే ప్రయాణం చెయ్యండి. చిన్న రాజధాని నగరం ఎంచుకోండి. ఫోను కట్టెయ్యండి. మీతో మీరు గడపండి." అది రాసిన అమ్మాయి ఫొటోలో కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ చేతులు ఎన్నడూ వేడి గిన్నె దించినవి కావు. అలాంటి వాళ్లకు అలసట ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని తీర్చుకోవడానికి ఎన్ని ఊళ్లు కావాలో ఆ పత్రికవాళ్లకే తెలియాలి. మారితాకు మాత్రం ఆ వ్యాసం పనికొచ్చింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం దొరికింది.

అసలు కారణం ఒక కుర్చీ.

మారితాకు తనకంటే రెండేళ్లు పెద్దదైన అక్క ఉంది, మారా. కేలెండర్‌లో ఆ రెండు పేర్లూ ఒకే రోజున పడతాయి. వాళ్లమ్మ కావాలనే అలా పెట్టింది. వెనకటి రోజుల్లో అదే తేదీన సైనికులొచ్చి వాళ్ల అమ్మమ్మనూ, ఊళ్లో ఎంతోమందినీ పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి సైబీరియా పంపారు. ఇప్పటికీ ఆ రోజు ఇళ్ల మీద జెండాకు నల్ల రిబ్బను కడతారు. "మనింట్లోంచి మనుషుల్ని పట్టుకుపోయిన రోజు. ఆ రోజు మనింటికి మనుషులు రావాలి," అనేది వాళ్లమ్మ. "ఇద్దరికీ కలిపి ఒకే రొట్టె చేస్తే సరిపోతుందని పెట్టిందిలే, పిండి కలిసొస్తుందని," అనేది మారా. ఏది నిజమైనా, బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ ఇద్దరి పండుగా ఒకే బల్ల మీద జరిగింది. పెళ్లిళ్లయ్యాక కూడా అంతే. రొట్టె మారితా చేసేది, మారా కోసేది.

ఏడేళ్ల కిందట ఆ బల్ల దగ్గరే మాట జారింది. మారితా భర్త గుంతిస్ అప్పటికి ఐర్లండ్ వెళ్లి పుట్టగొడుగుల తోటలో పనికి కుదిరాడు. మొదట్లో వారం వారం ఫోను చేసేవాడు, తర్వాత నెలకోసారి చేసేవాడు, తర్వాత అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆ ఏడు పండుగ నాడు మారా, రెండు గ్లాసుల నల్ల సారా తాగి, ఇంటి నిండా జనం ఉండగా చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"కాస్త కూచోవే, మారితా. అందరికీ వడ్డిస్తావు, ఎవరి పక్కనా కూచోవు. గుంతిస్ పక్కన కూడా ఒక్కనాడూ కూచోలేదు నువ్వు. వాడు ఐర్లండ్ కోసం పోయాడనుకున్నావా?"

మారితా చేతిలో ఉన్న పళ్లెం బల్ల మీద పెట్టింది.

"అంత బాగా తెలిసినదానివి వచ్చే ఏడు నీ ఇంట్లోనే కూచో. నీ రొట్టె నువ్వే కోసుకో."

మారా అలాగే చేసింది. ఆ శరదృతువులోనే కొడుకు ఉంటున్న రీగాకు మకాం మార్చి, ఒక ఆస్పత్రి బట్టలుతికే విభాగంలో చేరింది. క్రిస్మస్‌కు ఫోనులో ఒక వాక్యం వస్తుంది, ఒక వాక్యం పోతుంది. అంతకుమించి లేదు.

అయితే పేరు పండుగకు పిలుపు అక్కర్లేదు కదా. పోట్లాడిన మనిషి కూడా ఆ రోజు రావచ్చు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, వచ్చినందుకు ఎవరి పరువూ పోదు. ఆ ధైర్యంతోనే మారితా ఏటా ఒక కుర్చీ అట్టేపెట్టింది. ఎవరైనా అటు వెళ్తుంటే, "అక్కడొద్దు, గాలి తగుల్తుంది, ఇటు రండి," అని లాగేది. తలుపు చప్పుడైన ప్రతిసారీ చేతులు తుడుచుకునేది. ఆరేళ్లు ఎందరో వచ్చారు. మారా రాలేదు. ఏడోసారి ఆ కుర్చీ వంక చూసే ఓపిక లేకపోయింది. దానికే విశ్రాంతి అని పేరు పెట్టుకుంది.

*

శనివారం పొద్దున రైల్వే స్టేషను వెనకాల చవక హోటల్లో, గంజి పొయ్యి మీదికెక్కించే వేళకే మెలకువ వచ్చింది. ఎక్కించడానికి గంజి లేదు. మళ్లీ కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు కానీ లేవాల్సిన పనీ లేదు. ఆ రెండో సంగతి ఒంటికి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక బావుంది.

కింద భోజనాల గదిలో ఇంకొకరు కాచిన గంజి తెచ్చిపెట్టారు. ఉండలు కట్టింది, అడుగంటిన వాసన కూడా వచ్చింది. మారితా ఏమీ అనకుండా మొత్తం తిని, గిన్నె బల్ల మీదే వదిలేసి లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఎవరూ చూడకుండా గిన్నెలో చెంచా సరిగ్గా పెట్టి మళ్లీ నడిచింది.

బయట ఎండగా ఉంది, చలిగానూ ఉంది. కాలవ గట్టున మంచు కరిగి నేలంతా బురదగా ఉంది. ఇళ్ల ముందు నల్ల రిబ్బన్ల జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. దౌగవ నది ఒడ్డు దాకా నడిచి బల్ల మీద కూచుంది. నీళ్లలో ఆఖరి మంచుపలకలు సముద్రం వైపు కొట్టుకుపోతున్నాయి. ఒక ముసలాయన గాలం వేసుకుని ఉన్నాడు. ఆయన ఆమెతో మాట్లాడలేదు, ఆమె ఆయనతో మాట్లాడలేదు. "ఇంకాస్త పెట్టు" అని ఎవరూ అనలేదు. మోకాళ్ల మీద ఎండ పడుతోంది. పత్రికలో అమ్మాయి చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదని అప్పుడనిపించింది. చేతులు రెండూ ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. వాటిని అలా చూసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు లేదు.

ఫోను కట్టెయ్యలేదు. ఎందుకైనా మంచిదని అట్టేపెట్టింది. మధ్యాహ్నం కాబోతుండగా అది మోగింది. ఎదురింటి స్కైద్రీతె.

"మారితా! తలుపు కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోయింది. బతికే ఉన్నావా?"

"ఉన్నానండీ."

"మరి తియ్యవేం? మేం ఇంతమందిమి మెట్ల మీద నిలబడి ఉన్నాం. పూలు వాడిపోతున్నాయి. పట్టా కింద తాళంచెవి లేదు, అందరం ఎత్తి చూశాం."

"నేను రీగాలో ఉన్నాను స్కైద్రీతె గారూ."

స్కైద్రీతె గొంతు తగ్గించి, "ఆస్పత్రిలోనా?" అంది.

"కాదు. విశ్రాంతికి వచ్చాను."

"అంటే డాక్టరు చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే. నదిని చూస్తూ కూచున్నా."

"నది చూడ్డానికి అంత దూరం పోయావా? మన ఊళ్లో వాగు ఏమైంది?" స్కైద్రీతె ఫోను పక్కకు తిప్పి మెట్ల మీది వాళ్లకు చెప్పడం వినపడింది: "రీగాలో ఉందట. నదిని చూస్తోందట. జబ్బు కాదట." ఎవరో నవ్వారు. ఎవరో, "మరి రొట్టె?" అన్నారు.

"నన్ను తిట్టుకుంటున్నారా?" అంది మారితా.

"తిట్టుకోక? మా ఇంటాయన మొన్నటి నుంచి ఆకలి దాచుకుంటున్నాడు. సరేలే, నా దగ్గర ఊరవేసిన చేపలున్నాయి, పైవాళ్లు వాళ్ల సీసా తెస్తామంటున్నారు. ఈ మెట్ల మీదే కానిచ్చేస్తాం. నీ పేరు చెప్పుకునే తాగుతాం, భయపడకు." ఆగి, మళ్లీ అంది. "అయితే మారా ఇంట్లో ఉన్నావన్నమాట. మంచి పని చేశావమ్మా."

"మారా ఇంటికి రాలేదండీ."

"అదేం మాట? రీగాలో ఉండి, ఇవాళ పేరు పండుగ పెట్టుకుని, ఆవిడ ఇంటికి పోకపోతే ఎవరింటికి పోయావు మరి?"

మారితా సిగ్నలు సరిగా లేదని చెప్పి పెట్టేసింది. సిగ్నలు బాగానే ఉంది.

ముసలాయన గాలం తీసి, ఏమీ పడలేదని చూసుకుని, మళ్లీ వేశాడు. మారితా ఇంకాసేపు కూచోబోయింది కానీ ఇందాకటి కూచోవడం రాలేదు. తను లేకుండానే తన పండుగ మెట్ల మీద జరుగుతోంది. రెండు రోజులు నిలబడి వండకపోయినా జరుగుతోంది. ఆ మాట కాస్త గుచ్చుకుంది, కాస్త హాయిగానూ ఉంది. ఊరవేసిన చేపలతో సరిపెట్టుకుంటారని తెలిసుంటే ఇన్నేళ్లూ అంత పిండి పిసికేది కాదు.

*

ఆకలేసి పెద్ద మార్కెట్ వైపు నడిచింది. ఉప్పు దోసకాయ ఒకటి కొనుక్కుని నిలబడి తింది. బయట వరసగా పూలకొట్లు. ముసలమ్మలు నీళ్ల బకెట్లలో మంచుపూలు, తులిప్‌లు, మెత్తటి మొగ్గలున్న విల్లో కొమ్మలు పెట్టుకుని కూచున్నారు. ఆ రోజు వాళ్లకు గిరాకీ ఎక్కువ. సగంమంది రైల్వే స్టేషను దగ్గర, సైబీరియా పంపినవాళ్ల స్మారకం మీద పెట్టడానికి కొంటారు, సగంమంది మారా, మారితా అనే పేర్లున్న వాళ్ల ఇళ్లకు కొంటారు.

మారితా పూలు కొందామనుకోలేదు. పసుపు తులిప్‌లు బావున్నాయని ఆగింది, అంతే. తలకు ఉన్ని గుడ్డ కట్టుకున్న ముసలమ్మ అప్పటికే చెయ్యి బకెట్లో పెట్టింది.

"ఎవరికమ్మా? పోయినవాళ్లకా, ఉన్నవాళ్లకా?"

అది ఆమె రోజూ అడిగే ప్రశ్నే. పోయినవాళ్లకైతే సరిసంఖ్య కట్టాలి, ఉన్నవాళ్లకైతే బేసిసంఖ్య. తప్పు కడితే కొన్నవాళ్లు తిరిగొచ్చి తిడతారు. మారితా బకెట్లోకి చూసింది.

"తొందరగా చెప్పు తల్లీ, చేతులు గడ్డకడుతున్నాయి. సమాధికా, ఇంటికా?"

"మా అక్కకి," అంది మారితా.

"ఉందా?"

"ఉంది."

"మరి చెప్పడానికి అంత ఆలోచన దేనికి? ఉన్నవాళ్లకి కట్టడం తేలిక." ముసలమ్మ కట్ట కట్టి, కాగితం చుట్టి చేతిలో పెట్టింది. "ఆవిడ పేరేంటి?"

"మారా."

"అయితే ఇంట్లోనే ఉంటుంది. ఇవాళ మారాలు ఎక్కడికీ పోలేరుగా. మా కోడలూ మారానే, పొద్దున్నుంచీ గుమ్మం దాటలేదు పాపం."

మారితా డబ్బిచ్చి ట్రాము స్టాపు దాకా వెళ్లింది. ట్రాము వచ్చింది. ఎక్కకుండా నిలబడిపోయింది.

ఇవాళ మారాలు ఎక్కడికీ పోలేరు. మారితాలూ పోలేరు. ఆరేళ్లుగా తను ఇంట్లో కూచుని, తలుపు వంక చూస్తూ, "అది రాలేదు" అనుకుంది. అది ఎలా వస్తుంది? దాని తలుపూ ఎవరెవరో కొడుతుంటారు. ఇల్లు వదిలి రావడానికి వీల్లేని ఒక్క రోజే ఎంచుకుని, ఆ రోజు ఎందుకు రాలేదని ఏడాదంతా కోపం పెట్టుకుంది. మిగతా రోజుల్లో వెళ్లొచ్చు. మిగతా రోజుల్లో వెళ్తే, ఎందుకొచ్చావని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. చిన్నప్పటి నుంచి ఈ రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి, ఒకరింటికి ఒకరు వెళ్లాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అంత మామూలు సంగతి ఇన్నాళ్లూ తట్టలేదు. స్మిల్తెనెలో ఎవరికీ కూడా తట్టలేదు. వాళ్లందరూ రొట్టె తింటూ ఉన్నారు మరి.

అయినా ఇది తన ఊహే కావచ్చు. మారా నిజంగానే వద్దనుకుని ఉండవచ్చు. గుమ్మంలో నిలబెట్టి, జనం ముందు మళ్లీ ఏదో ఒక మాట అనవచ్చు. అలాంటి మాటలు అనడం దానికి చేతనవును. తర్వాతి ట్రాము వచ్చినప్పుడు మారితా ఎక్కింది. ట్రాములో చాలామంది చేతుల్లో పూలున్నాయి. వంతెన మీద నదిని చూడలేదు. కట్టలో పూలు లెక్కపెట్టుకుంటూ ఉంది.

*

మారా ఉండేది నది అవతల, ఆగెన్స్‌కల్న్స్ మార్కెట్ ఎదుట, పాత చెక్క మేడలో. ఆమె కొడుకు ఎప్పుడో చెప్పిన గుర్తులు సరిపోయాయి. మెట్లెక్కుతుంటే కుంకుమపువ్వు వాసన, లోపల్నుంచి మాటల గోల. తలుపు కొట్టింది.

మారా తీసింది. వంటకని నడుముకు కట్టుకున్న గుడ్డ మీద పిండి ఉంది. జుట్టు బాగా నెరిసింది. చెల్లెల్ని చూసింది, పూలు చూసింది, పెదవులు కదిలిస్తూ పూలు లెక్కపెట్టింది. తర్వాత పక్కకు జరిగింది.

"బూట్లు బయట విప్పు. ఇప్పుడే తుడిచాను."

మారితా బూట్లు విప్పింది. మారా కాలితో ఒక జత ఇంటి చెప్పులు ఆమె వైపు తోసింది. ఊలుతో అల్లినవి, కొత్తవి, ఎవరూ వేసుకోనివి. మారితా కాళ్లు చిన్నపిల్ల కాళ్లంత ఉంటాయి. చెప్పులు సరిగ్గా పట్టాయి.

లోపల బల్ల చుట్టూ జనం ఇరుక్కుని కూచున్నారు. ఇద్దరు కిటికీ గట్టు మీద, ఒకాయన పెట్టె మీద. బల్ల ఆ చివర మాత్రం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మారితా దాని వంక చూసింది. పెట్టె మీదాయన అది గమనించాడు.

"అటు పోకమ్మా. ఆ కుర్చీ మారా ఎవరికీ ఇవ్వదు. నేను కింది ఇంటివాణ్ణి. నడుం పోతోందన్నా నన్నే కూచోనివ్వలేదు. ఏళ్లబట్టీ చూస్తున్నా. గాలి తగుల్తుందంటుంది."

"ఆ కుర్చీకి గాలి తగలదుగా," అంది కిటికీ మీద ఒకావిడ. "గాలంతా నాకే తగుల్తోంది."

అందరూ నవ్వారు. మారా నవ్వలేదు.

"కూచో," అంది చెల్లెలితో.

"మీవాళ్లు పాపం ఇరుక్కుని..."

"కూచోమన్నా."

మారితా కూచుంది. పళ్లెం అప్పటికే పెట్టి ఉంది. మారా రొట్టె ముక్క తెచ్చి వేసి, వెళ్లకుండా కుర్చీ వెనకాల నిలబడింది.

"ఇన్నేళ్లకు తీరిందా?"

"నేను ఇంట్లోనే ఉన్నానే," అంది మారితా. "నువ్వొస్తావని."

"నేనెలా వస్తాను? ఇంటి నిండా వీళ్లుంటే?"

"నేను మాత్రం ఎలా వస్తాను?"

మారా కిటికీ వైపు చూసింది. ఆమెకూ ఇప్పుడే తట్టిందని మారితాకు అర్థమైంది.

"మేం వెళ్లిపోవాలా ఏంటి?" అన్నాడు పెట్టె మీదాయన.

"తినవయ్యా," అంది మారా. "రొట్టె ముందున్నంత సేపూ నువ్వెక్కడికీ పోవు."

మారితా ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"కుంకుమపువ్వు తగ్గింది."

"వచ్చీ రాగానే మొదలెట్టావు?"

"తగ్గింది కాబట్టి అన్నాను. పిండి కూడా ఇంకాస్త ఊరనివ్వాల్సింది."

"నాకు పిండి కలపడం ఎప్పుడొచ్చింది? నేను కోసేదాన్ని," అంది మారా. కిటికీ మీదావిడ మళ్లీ నవ్వింది. మారితా లేచి వంటింటి వైపు చూసింది. పొయ్యి దగ్గర కడగని పళ్లేలు పేరుకుని ఉన్నాయి. అక్క చెయ్యి భుజం మీద పడి ఆమెను మళ్లీ కూచోబెట్టింది. ఏడేళ్ల కిందట చెప్పిన మాటే చెప్పబోతున్నట్టు ఒక క్షణం అనిపించింది. చెప్పలేదు. మారా కిటికీ గట్టు దగ్గరి చిన్న పీట లాక్కుని పక్కనే కూచుంది.

చీకటి పడేలోపు జనం వెళ్లిపోయారు. హోటల్ గదిలో సంచీ ఉంది, ఆ రాత్రికి కూడా డబ్బు కట్టే ఉంది, మారితా వెళ్లలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా అక్కాచెల్లెళ్లు పళ్లేలు కడిగారు, తుడిచారు. గుంతిస్ పేరు ఒకసారి వచ్చింది. మారా, "ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది. మారితా, "నిజమేగా," అంది. గుంతిస్ సంగతి అక్కడితో వదిలేశారు.

హోటల్లో సంచీ తీసుకున్నాక, ఊరెళ్లే బస్సు దగ్గర మారా అడిగింది.

"విశ్రాంతికి వచ్చానన్నావుగా. తీసుకున్నావా?"

"తీసుకున్నా. నిన్న పొద్దున కాసేపు."

"వచ్చే ఏడు నేనొస్తా. రొట్టె నువ్వే చెయ్యి, ఇది నా వల్ల కాదు."

"నీ ఇంటికి వచ్చేవాళ్లో?"

"కింది ముసలాయనకి ఆ కుర్చీ ఇచ్చేస్తా. వచ్చినవాళ్లతో కలిసి మెట్ల మీద వేసుకుని కూచుంటాడు."

బస్సు కదిలింది. సోమవారం పొద్దున బడిలో గంజి. మారితా తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, ఉందని తెలిశాక, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.